కాలమైందట

సంచిలో పుస్తకాలు సర్దేటప్పుడు దయాకర్ ఎప్పుడూ ఒకే వరస పాటిస్తాడు. గట్టి అట్టలవి వీపు వైపు, పలచనివి బయటి వైపు. ఎటొచ్చీ గుడ్డ పుస్తకం దగ్గరే చిక్కు. అడుగున పెడితే నలుగుతుంది, పైన పెడితే దుమ్ముకు మాస్తుంది. ఏది నయమో అతనికి ఇప్పటికీ తేలలేదు. ఆ బుధవారం పొద్దున కూడా ఒకసారి అడుగున పెట్టి, మళ్లీ తీసి పైన పెట్టాడు. చివరి పేజీ తడిమి చూశాడు. అది ఇంకా ఖాళీగానే ఉంది.

“బాపూ, వాన ఎందాక వచ్చింది?” అని అడిగాడు.

మగ్గం గుంటలో కూర్చున్న సిద్దిరాములు తల ఎత్తలేదు. “మొగులైంది. గిప్పుడే చినుకులు ఎత్తుకున్న,” అన్నాడు.

వాకిలి ముందు నుంచి పోతున్న మారయ్య చెప్పుల చప్పుడు ఆగిపోయింది. “మొగులైందా? ఏ దిక్కు?” అంటూ నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశమంతా వెదికాడు. ఆకాశం తోమి బోర్లించిన గిన్నెలా ఉంది.

“మగ్గం మీద, కాకా,” అన్నాడు దయాకర్.

“మంచిగ దొరికిండ్రు తండ్రీ కొడుకులు! కౌలు చేన్ల పత్తి గింజలు ఏసి నేను మొగులు దిక్కు చూసి చూసి మెడలు పడిపోతాంటే, మీకు ఇంట్ల కూసున్నకాడనే వాన పడ్తాందా?” మారయ్య గడప దాకా వచ్చి లోపలికి తొంగి చూశాడు. గుంటలోని మనిషిని చూశాక అతని గొంతు తగ్గింది. “ఎట్లున్నది సిద్దిరాములన్నా?”

“ఉన్న,” అన్నాడు సిద్దిరాములు.

మిరుగం కార్తె వచ్చి పోయినా నేల తడవలేదు. బడులు తెరిచారు గానీ ఎండలు మూతపడలేదు. ఆ ఎండల్లోనే సిద్దిరాములు ఒకనాడు వాకిట్లో కుప్పకూలాడు. నకిరేకల్ దవాఖానలో రెండు సీసాలు ఎక్కించి, గుండె బలహీనంగా ఉందని, చల్లటి జాగాలో ఉంచమని చెప్పి పంపారు. రేకుల ఇంట్లో చల్లటి జాగా ఎక్కడుంటుంది? ఉన్నది మగ్గం గుంట ఒక్కటే. నేలలోకి తవ్వింది కాబట్టి కాళ్లు పెట్టిన చోట ఇంత తేమ తగులుతుంది. ముసలాయన పొద్దంతా అందులోనే కూర్చుంటున్నాడు. కూర్చున్నాక చేతులు ఊరుకోవు.

వాన పడితే బాపు తేరుకుంటాడు. దయాకర్ మనసులో ఈ మాట ఒక్కటే గట్టిగా ఉంది. ఒక్క వాన పడి, రేకులు చల్లబడి, రాత్రి నిద్ర పడితే చాలు. డాక్టరు అట్లా అనలేదు. మారయ్య అన్నాడు, భార్య ఉష అన్నది, వాళ్లన్నదే తనూ అనుకుంటున్నాడు.

“ఫికర్ చెయ్యకు బిడ్డా,” అన్నాడు మారయ్య, పోతూ పోతూ. “నువ్వు ఏడున్నా సరే, చినుకు పడంగనే నీకు ఫోన్ కొడ్త. మీ బాపు లేసి బజారు తిరుగకుంటె నన్నడుగు.”

దయాకర్ సంచి భుజానికి తగిలించుకున్నాడు. “బాపూ, పోయొస్త. ఇగ ఆపి పండుకో.”

“గుంట ఇడిసి యాడికి రమ్మంటవురా? నువ్వు పో, బస్సు పోతది.”

ఉష అంబలి చెంబు పట్టుకుని గుంట దగ్గరికి వచ్చింది. “మామా, జర తాగు. ఇగో, నువ్వు పో, నేను లేనా?” అని మొగుణ్ని కదిలించింది.

అతను బయటికి వచ్చాక కూడా పోగు మోసే నాడె అటూ ఇటూ పోతున్న చప్పుడు వినిపించింది. మునుపటి వేగం లేదు. ఒకసారి పోతే మళ్లీ ఎప్పుడు వస్తుందో అన్నట్టుంది.

*

ఆ ఇంట్లో డిగ్రీ చదివినవాడు దయాకరే మొదటివాడు. నల్లగొండలో బి.ఏ., ఆ తర్వాత బి.ఇడి. సర్కారు టీచరు పరీక్ష రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ గట్టు దాకా వచ్చి జారాడు. విద్యా వాలంటీరుగా చేస్తుంటే కరోనా వచ్చి అది పోయింది. కొన్నాళ్లు మోత్కూర్ బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టాడు. ఇప్పుడు ఒక సంస్థ వాళ్లు రోజుకొక బడికి కథల పుస్తకాలు తీసుకుపోయి పిల్లలకు చదివి వినిపించే పని ఇచ్చారు. అడిగినవాళ్లకు సిద్దిరాములు, “మావోడు పుస్తకాలు మోస్తడు,” అని చెప్పేవాడు. అది మెచ్చుకోలో, ఎత్తిపొడుపో దయాకర్‌కు అర్థమయ్యేది కాదు. అడగనూ లేదు.

వేసవి సెలవులయ్యాక సంస్థ వాళ్లు వాతావరణం మీద బొమ్మల పుస్తకాలు పంపారు. కాగితం నున్నగా మెరుస్తుంది. ఒక పుస్తకంలో మబ్బుకు ఏడుపు ముఖం, సూర్యుడికి నవ్వు ముఖం. పిల్లలు దాన్ని చూసి నోళ్లు తెరిచారు. “సార్, మొగులు ఎందుకు ఏడ్తాంది? పొద్దు ఎందుకు నవ్వుతాండు?” ఇంకో దాంట్లో మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కున్న పిల్లవాడు మంచుతో మనిషిని చేస్తున్నాడు. “మంచు గట్ల ముద్దయితదా సార్? మావోళ్ల పెసరు చేన్ల గట్ల కాదే.” దయాకర్ ఏదో చెప్పాడు. చెప్పింది తనకే సరిగ్గా అనిపించలేదు.

ఇంటికొచ్చి ఆ బొమ్మలు బాపుకు చూపించాడు. సిద్దిరాములు చదువుకోలేదు గానీ బొమ్మలను చాలాసేపు చూస్తాడు. “గీ పోరడు మన దిక్కోడు కాదు,” అని పుస్తకం తిరిగి ఇచ్చాడు. రెండు రోజుల తర్వాత చీరల నుంచి మిగిలిన గుడ్డ పేలికలు ముందేసుకుని కూర్చున్నాడు. పసుపు ముక్కతో ఎండ కుట్టాడు. ఎర్రమన్ను రంగు పేలికలు మెలిపెట్టి గాలి దుమారం చేశాడు. పాత గొంగడి ముక్క చలి అయింది. తెల్ల పూసలు కుట్టి రాళ్లవాన చేశాడు. పిల్లలు తడిమి చూసే పుస్తకమైంది అది. ఒక్క వాన పేజీయే మిగిలింది. ఏ ముక్క కత్తిరించి పెట్టినా ముసలాయనకు నచ్చలేదు. “కుడ్తె వానోలె అయితలేదురా. నేస్త,” అన్నాడు. తెల్లటి దారానికి అక్కడక్కడ ముడులు కట్టి నల్లరంగు అద్దాడు. ముడి విప్పిన చోట తెల్లగా, అంచులు చెదిరి, జారే చినుకులా ఉండేది.

*

కేతేపల్లి దాటాక లోపలి ఊరి బడి అది. పల్లంలో ఉండటం వల్ల ఫోన్లు పనిచేయవు. టవర్ అందేది ఒక్క వంటల షెడ్డు కిటికీ గూట్లోనే. అందుకని బడికి ఎవరొచ్చినా ఫోను ఆ గూట్లో పెట్టాల్సిందే. మోగితే వంట చేసే గుర్వమ్మ ఎత్తుతుంది, విషయం చెప్తుంది. ప్రధానోపాధ్యాయురాలు కౌసల్య టీచరుకు పై అధికారుల కబుర్లు కూడా గుర్వమ్మ నోటి నుంచే అందుతాయి.

“వచ్చినవా సారూ? ఇయ్యాల సంచిల ఎండ తెచ్చినవా, వాన తెచ్చినవా?” ప్రతి బుధవారం గుర్వమ్మ అడిగేది ఇదే.

“వాన ఇంక నేస్తాండ్రు గుర్వమ్మా.”

“నేస్తాండ్రా! ఏడు గజాలు నెయ్యమను. సగం మా చేన్ల పరుస్త, సగం నేను కట్టుకుంట.”

దయాకర్ నవ్వి ఫోను గూట్లో పెట్టాడు. గుర్వమ్మ దాన్ని చీర కొంగుతో తుడిచి, పొగ తగలని పక్కకు జరిపింది.

తరగతిలో పిల్లలు కింద గుండ్రంగా కూర్చున్నారు. ఆ రోజు పాఠం కాలాలు. దయాకర్ సంస్థవాళ్ల పుస్తకం తెరిచి అడిగాడు. “మనకు కాలాలు ఎన్ని?”

“ఒక్కటే సార్,” అన్నాడు మణిదీప్.

“ఒక్కటెట్లా?”

“కాలం అయితె అయితది, కాకుంటె కాదు. నిరుడు మాకు కాలే సార్. మా నాయిన బోరు ఏపిచ్చిండు, అదీ కాలే.”

మిగతా పిల్లలు తలలూపారు. దయాకర్ పుస్తకం వైపు చూశాడు. పుస్తకంలో మూడు కాలాలు మూడు గళ్లలో ఉన్నాయి. వాడు చెప్పింది తప్పని ఎట్లా అంటాడు? తనింట్లోనూ ఇదే మాట. వాన పడితే కాలమైంది అంటారు, పడకపోతే కాలం కాలేదంటారు. పుస్తకంలో కాలం వేరు. అది వాన పడ్డా పడకపోయినా వచ్చి పోతుంది.

“చూడుండ్రి. ఎండకాలం, వానకాలం, సలికాలం. ఇట్ల మూడు.”

“మరి ఎండకాలం గూడ కాలమే గద సార్,” అన్నది వెనక నుంచి ఒక పిల్ల. “ఎండలు మంచిగ కొడితె కాలమైనట్టేనా?”

“కాదు.”

“మరి?”

దయాకర్ చాక్‌పీసు తీసుకుని లేచాడు. బోర్డు మీద ‘కాలమైంది’ అని రాశాడు. దాని పక్కన ఏం రాయాలో తోచక నిలబడ్డాడు. అప్పుడు లాస్య చెయ్యెత్తింది. ఎప్పుడూ గోడకు ఆనుకుని కూర్చునే పిల్ల.

“సార్, మా తాత గూడ కాలమైండు.”

నవ్వాలో వద్దో తెలియక పిల్లలు సార్ ముఖంలోకి చూశారు. దయాకర్ చేతిలో చాక్‌పీసు బోర్డుకు ఆనింది. కాలమైంది, కాలమైండు. చివర ఒక్క అక్షరం. వానొస్తే అది, మనిషి పోతే ఇది. ఈ మాట ఇట్లా ఎందుకుందో తను ఎన్నడూ ఆలోచించలేదు. ఆ పిల్ల చెప్పింది తప్పు కాదు. బోర్డు మీద రాయబుద్ధి కాలేదు.

“ఎప్పుడు బిడ్డా?”

“మొన్న సార్. పీరీల పండుగకు ముంగల.” పోయిన ఏడాదో, అంతకు ముందో. పిల్లలకు అంతా మొన్ననే.

“కూసో,” అన్నాడు. పుస్తకం మూసి, తెరిచి, మళ్లీ మూశాడు. ఇన్ని పుస్తకాలు చదివి కూడా రెండో తరగతి పిల్లలకు ఒక మాట చెప్పలేకపోతున్నాను అనుకున్నాడు. ఇంతలో అన్నం గంట కొట్టారు. అతనికి ప్రాణం కుదుటపడింది.

*

పిల్లలు పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. నిలబడి ఊరుకుంటారా? పళ్లేలను గ్లాసులతో వాయిస్తున్నారు. షెడ్డులో గుర్వమ్మ ఒక చెవి మూసుకుని, ఇంకో చెవికి ఫోను నొక్కిపెట్టి అరుస్తోంది. “ఆఁ? ఎవరూ? మారయ్యనా? దయాకర్ సార్‌కా? ఇనొస్తలేదు! ఓరి పోరగాండ్లూ, జర ఆపుండ్రిరా! ఆఁ… ఆఁ… అయ్యిందా? మంచిది మంచిది, చెప్త!”

గరిటె పట్టుకునే ఆమె బయటికి వచ్చింది. ముఖమంతా నవ్వు.

“సారూ! మీ ఊరికెళ్లి ఫోను. ఎవరో మారయ్యనట. కాలమైందట!”

దయాకర్ చేతిలోని పళ్లెం పక్కన పెట్టేశాడు. “ఏందీ? మళ్లొకపారి చెప్పు.”

“కాలమైందట సారూ. మీ ఊరికి. జల్ది రమ్మన్నడు సార్‌ను, అన్నడు. మీ దిక్కు కొట్టిందంటె రేపటికల్ల మా దిక్కు గూడ కొడ్తది, చూడు!”

జల్దిగా ఎందుకు? రేకుల కింద పట్టా కట్టాలి. ఎడమ మూలన కారుతుంది. మగ్గం తడవకుండా చూడాలి. ఉష ఒక్కతే ఏం చేస్తుంది? అతను గూటి దగ్గరికి పోయి మారయ్యకు ఫోన్ కలిపాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఉషకు కలిపితే మోగనే లేదు. నిజంగానే వాన పడింది, అనుకున్నాడు. నాలుగు చినుకులు పడితే చాలు, వాళ్ల ఊళ్లో కరెంటు పోతుంది, ఆ వెనకే ఫోన్లు పోతాయి. ప్రతి ఏడూ ఇదే.

“ఏమైంది సార్? ఏమన్న ఫికరా?” అని కౌసల్య టీచరు అడిగింది.

“లేదు మేడం. వాన పడ్డదట మా దిక్కు. మా బాపుకు పానం మంచిగ లేదు గద, వాన పడితె తేరుకుంటడు.”

“అయితె పోండి సార్. నేను చూసుకుంట.”

“ఇప్పుడు బస్సు లేదు మేడం. మూడు గంటలకే. అందాక చదివిస్త.”

ఆ మధ్యాహ్నం అతను చదివినంత బాగా ఎన్నడూ చదవలేదు. సంస్థవాళ్ల పుస్తకం సంచిలోనే ఉంచేశాడు. గుడ్డ పుస్తకం పిల్లల ఒళ్లోకి ఇచ్చాడు. ఎండ పేజీ తడిమి “కాలుతాంది సార్!” అని ఒకడు చెయ్యి విదిలించుకున్నాడు. గాలి దుమారం దగ్గర అందరూ కండ్లు మూసుకున్నారు. గొంగడి ముక్కకు లాస్య చెంప ఆనించి చాలాసేపు ఉంది. మణిదీప్‌కు రాళ్లవాన పూసలు ఊడబెరకాలని ఉంది. దయాకర్ వాడి చెయ్యి పట్టుకుని నవ్వాడు.

“వాన పేజీ ఏది సార్?”

“మా బాపు నేస్తాండు. వచ్చే బుధారం తెస్త. అసలుకైతే మా ఊరికి ఇయ్యాలనే కాలమైంది!”

పిల్లలు చప్పట్లు కొట్టారు. లాస్య మాత్రం ముఖం ఎత్తి, “ఎవలు సార్?” అని అడిగింది.

“ఎవలు కాదు బిడ్డా. వాన.”

*

బస్సులో కిటికీ పక్కన కూర్చుని దయాకర్ బయటికే చూస్తున్నాడు. రోడ్డు పక్కన చేన్లలో దున్నిన సాళ్లు తెల్లగా పేలిపోయి ఉన్నాయి. నకిరేకల్‌లో బస్సు మారాడు. అక్కడా చినుకు లేదు. ఇంత దూరం రాకపోవచ్చు అనుకున్నాడు. తొలకరి వాన అంతే, ఒక చేను తడిపి పక్క చేను వదిలేస్తుంది. పక్కన కూర్చున్న ముసలామెను అడిగాడు, “అవ్వా, మోత్కూర్ దిక్కు వాన పడ్డదట గద?”

“ఎవలన్నరు? నేను గక్కడ్నుంచే వస్తి పొద్దుగాల. ఎండకు పానం పోతాంది.”

“పగటీలి, అన్నం యాళ్లకు పడ్డదట.”

“పడ్డదేమో నాయినా,” అన్నది ఆమె, అతని ముఖం చూసి.

ఇంకో ఊరు దాటింది. వంతెన కింద వాగు ఇసుక తెల్లగా మెరుస్తోంది. ఒకచోట తారు మీద నల్లగా తడి కనిపిస్తే దయాకర్ లేచి నిలబడ్డాడు. దగ్గరికి వచ్చేసరికి అది తడి కాదు, కొత్తగా వేసిన తారు. మళ్లీ కూర్చున్నాడు. ఉషకు ఫోన్ చేశాడు, కలవలేదు. కరెంటు పోయింది కదా, అనుకున్నాడు. ఈసారి ఆ మాట మునుపటంత గట్టిగా రాలేదు. అవతలి సీటు మీద ఎవరో పండ్ల సంచి పెట్టారు. అందులోంచి ఒక మామిడిపండు దొర్లి అతని కాళ్ల దగ్గరికి వచ్చింది. దాన్ని తీసి ఇచ్చి, మళ్లీ బయటికి చూశాడు.

తమ ఊరి మలుపులో దిగాడు. చెప్పు కింద దుమ్ము మెత్తగా లేచింది. వీధి దీపం ఒకటి పట్టపగలే వెలుగుతోంది. దయాకర్ దాని కింద ఆగి పైకి చూశాడు. కరెంటు ఉంది. అతనికి ఏమీ అర్థం కాలేదు. కోమటి దుకాణం ముందు కూర్చున్నవాళ్లు అతన్ని చూసి లేచి నిలబడ్డారు. తనను చూసి ఊళ్లో ఎవరూ ఎన్నడూ లేచి నిలబడలేదు.

మారయ్య ఎదురొచ్చి అతని భుజం మీది సంచి తీసుకున్నాడు.

“వాన ఏది కాకా?” అన్నాడు దయాకర్.

“వానేంది బిడ్డా?”

“కాలమైంది అన్నవట గద.”

మారయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. “కాలమైండు అన్న బిడ్డా. సిద్దిరాములన్న కాలమైండు, దయాకర్‌ను జల్ది రమ్మను, అని చెప్పిన. ఆమె మంచిది అన్నది. గదేంది గట్లన్నది అనుకున్న. దారిల ఉన్నోన్ని ఫోన్ల ఆగం చెయ్యద్దని నేనే అందర్ని ఆపిన, నీ ఫోన్ గూడ ఎత్తలే, ఉష ఫోన్ బందు పెట్టిచ్చిన.”

దయాకర్ తల ఊపాడు. ఎందుకు ఊపాడో తెలియదు. బడి బోర్డు మీద తను రాసిన మాట అట్లాగే ఉండి ఉంటుంది, తుడవలేదు. దాని పక్కన ఖాళీ.

ఇంటి ముందు పందిరి లేదు, చాప ఉంది. చాప మీద బాపు ఉన్నాడు. ముఖానికి ఎండ తగలకుండా ఎవరో గొడుగు పెట్టారు. ఉష లేచి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

“అంబలి తాగిండు. మంచిగనే తాగిండు. గుంటల కూసోని నేస్తాండు, నేను బియ్యం ఏరుతాన. సప్పుడు ఆగింది. నిద్ర పట్టిందనుకున్న. నిద్ర పట్టింది గదా, లేపుడెందుకు అనుకున్న…”

“మంచి పని చేసినవు,” అన్నాడు దయాకర్. అది సరైన మాటేనా అని ఆమె ముఖంలోకి చూశాడు.

ఎవరో నీళ్లు తెమ్మన్నారు. అతను చెంబు కోసం ఇంట్లోకి పోయాడు. రేకుల వేడికి లోపల గాలి ఉడుకుతోంది. మారయ్య తెచ్చి పెట్టిన పుస్తకాల సంచి గోడకు ఒరిగి ఉంది. దయాకర్ మగ్గం దగ్గర ఆగాడు. గుంటలోకి కాళ్లు దించి, బాపు కూర్చునే చోట కూర్చున్నాడు. అరికాళ్లకు ఇంత చల్లదనం తగిలింది.

మగ్గం మీద జానెడు గుడ్డ. నల్లటి మొగులు నిండుగా కమ్ముకుంది, ఆ వెంటనే అంచులు చెదిరిన తెల్లటి చినుకులు బయలుదేరి, రెండు వేళ్ల మేర జారి ఆగిపోయాయి. ఆ తర్వాత అంతా నిలువు పోగుల ఉత్త పడుగు, దాని మధ్యలో సగం దూరం పోయి నిలిచిన నాడె.